హైవే దిగి, కాలవగట్టు మీదుగా

"ఇంకోటి తీసి చూపించండి పిన్నిగారూ" అంటే ఆవిడ నవ్వి, పల్చటి గుడ్డని బియ్యప్పిండి జావలో ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగింది. లోపల మంట భగభగమంటోంది. కన్నార్పేలోగా ఉల్లిపొరలాంటి పూతరేకు లేచొచ్చేసింది. ఆత్రేయపురం మరి!

ఇవాళ రాజమండ్రి వెళ్తూ రావులపాలెం దగ్గర హైవే వదిలేసి కాలవగట్టు పట్టుకున్నాం. లొల్ల లాకుల దగ్గర బండి ఆపితే, నీళ్ళు చూస్తూ పిల్లలు కదలమంటే కదలమన్నారు. ఈ నీళ్ళన్నీ ధవళేశ్వరం నుంచి వచ్చేవే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాకే కదా ఈ సీమ ఇంత పచ్చబడింది!

ఇక్కడి పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు) వచ్చింది. చాలా సంతోషం. కానీ పొద్దస్తమానం ఆ సెగ ముందు కూర్చునే ఆడవాళ్ళ చేతులు దగ్గర్నుంచి చూశాక, డబ్బా ధర దగ్గర బేరమాడబుద్ధి కాలేదు. పక్కనెవరో ఆడుతుంటే మనసు చివుక్కుమంది.

బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటేసరికి చీకటి పడింది. హైవే మీద గంటలో అయ్యే దారికి పూటంతా పట్టింది, హాయిగా.

రాజమండ్రి వెళ్ళే పనుంటే మీరూ ఇటే రండి. బెల్లం రేకులు అడిగి తీసుకోండి, పంచదారవాటికన్నా అవే బాగున్నాయి.