కింది దవడ ఇంకా ఆగలేదట

శనివారం, రాత్రి.

అన్నయ్య కొడుకుని పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం ఈరోజు నా వంతు. వదినకి స్కూల్లో మీటింగ్, అన్నయ్యకి ఎప్పటిలాగే డ్యూటీ. వాడికి పద్దెనిమిది దాటాయి, బీటెక్ మొదటి సంవత్సరం. నోరు మూస్తే కింది పళ్లు పై పళ్లకి ముందు పడతాయి. మా నాన్నదీ అదే దవడ. ఆయన గుబురు మీసంతో కొంత కప్పేసి బతికేశారు. సెల్ఫీల కాలంలో వీడికి ఆ వీలు లేదు.

సెలవుల్లో ఆపరేషన్ చేయించేసుకుని కొత్త మొహంతో రెండో సంవత్సరంలోకి వెళ్లాలని వాడి ప్లాన్. డాక్టరమ్మ పోయినేడాది పక్కనుంచి తీసిన ఎక్స్‌రే గీతల్ని ఇవాళ్టి వాటి మీద పెట్టి చూపించారు. పుర్రె, నుదురు ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. గడ్డం దగ్గరికొచ్చేసరికి గీతలు విడిపోయాయి.

"ఇంకా పెరుగుతోంది నాన్నా. ఇప్పుడు కోసి వెనక్కి జరిపినా, మిగతా పెరుగుదల మళ్లీ ముందుకు తెచ్చేస్తుంది. వచ్చే ఏడాది ఇంకోటి తీద్దాం. తేడా లేదని తేలాక ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం" అన్నారు. అన్నీ అయ్యాక కూడా ముందు క్లిప్పులు, తర్వాతే ఆపరేషన్ అట. వాడి మొహం మాడిపోయింది.

"అత్తా, నా హైట్ ఎప్పుడో ఆగిపోయింది. ఇదొక్కటే ఎందుకు ఆగదు?" అన్నాడు ఆటోలో. మంచి ప్రశ్నే. మెదడు తొందరగా పెరుగుతుంది కాబట్టి దాన్ని దాచుకునే పుర్రె ఆరేడేళ్లకే పెద్దవాళ్ల సైజుకి దగ్గరపడుతుంది. మొహం నిదానంగా వెనకాల వస్తుంది. అందులోనూ వెడల్పు ముందు ఆగుతుంది, తర్వాత ముందుకు పెరగడం, అందరికంటే ఆఖర్న పొడవు. ఎముకల్లో ఆఖరిది కింది దవడ. చెవి ముందున్న కీలు దగ్గరి మృదులాస్థి ఎముకని పైకీ వెనక్కీ పెంచుతుంది. అటు పుర్రె అడ్డం. గోడకి కాళ్లు తన్నిపెడితే కుర్చీ ముందుకు జరిగినట్టు, గడ్డం కిందికీ ముందుకీ వస్తుంది. ఆడపిల్లల్లో ఇది మామూలుగా ముందే ముగుస్తుంది. మగపిల్లల్లో ఇరవై దాకా సాగొచ్చు, ఇలాంటి దవడైతే ఆ తర్వాత కూడా.

ఇంటికొచ్చాక వాడి బ్యాగులో గట్టి చూయింగ్ గమ్ డబ్బా బయటపడింది. నాలుక అంగిలికి నొక్కిపెట్టడం, గంటల తరబడి నమలడం, అన్నీ వీడియోల్లో నేర్చుకున్నవే. నమిలితే నమిలే కండ బలుస్తుంది, ఈ వయసులో ఎముక ఆకారం మారదు. పైగా వాడికున్నదే ఎక్కువ దవడ! దాన్ని పెంచుకునే గమ్ దేనికో నాకర్థం కాలేదు. ధర చూసి ఇంకా ఒళ్లు మండింది.

అమ్మ మాత్రం "మీ తాతయ్య పోలికరా, అదృష్టం" అంటూ వాడి గడ్డం పట్టుకుంది. పోలిక మాట నిజమే, ఈ దవడ వంశంలో నడుస్తుంది. యూరప్‌లో హాబ్స్‌బర్గ్ రాజులకి ఇదే పెద్ద గుర్తు. ఆ వంశంవాడే అయిన స్పెయిన్ రాజు రెండో చార్లెస్ తండ్రి నాలుగో ఫిలిప్, తన సొంత చెల్లెలి కూతుర్నే పెళ్లాడాడు. మన వైపు మేనమామ సంబంధం అన్నమాట! ఆ వంశం వాళ్ల 66 చిత్రపటాలు పరిశీలించి, దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు పెరిగేకొద్దీ దవడ ముందుకు రావడమూ ఎక్కువైనట్టుందని 2019లో ఒక పరిశోధన వచ్చింది. అమ్మానాన్నలదీ మేనరికమే. ఒక్క కుటుంబాన్ని చూసి ఏదీ తేల్చలేం కాబట్టి ఆ చర్చ భోజనాల దగ్గర ఎత్తలేదు. ఎత్తితే అన్నం చల్లారేదాకా తెగదు.

పడుకునే ముందు ఇంకొకటి చదివాను. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్ అనే డాక్టర్ 1930ల నుంచి పిల్లల మొహాలకి ఏటేటా ఎక్స్‌రేలు తీయించి దాచాడు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక రోల్ఫ్ బెరెంట్స్ అనే ఇంకో పళ్ల డాక్టర్ వాళ్లలో వందమందికి పైగా మళ్లీ పిలిపించి ఎక్స్‌రేలు తీశాడు. 1985లో ఆయన వేసిన ఫలితం ఏంటంటే, మొహం ఎముకలు పెద్దయ్యాక కూడా మారుతూనే ఉంటాయి, కాకపోతే చాలా కొద్దికొద్దిగా. డాక్టర్లు ఎదురుచూసేది పూర్తిగా ఆగడం కోసం కాదు, ఆపరేషన్‌ని పాడుచేయనంత నెమ్మదించడం కోసం. ఇది వాడికి ఇప్పుడే చెప్పను. సోమవారం మిడ్ ఎగ్జామ్ ఉంది.