నాలుగు పిన్నుల మోకాలు: నా నెట్, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ప్రిపరేషన్

మా పెదనాన్నకు కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. మొదట పెట్టిన కృత్రిమ కాలికి మోకాలి దగ్గర తలుపు బందులా ఒకే ఇరుసు ఉండేది. పొలం గట్టు దిగుతుంటే అది ఉన్నట్టుండి మడుచుకుపోయి రెండుసార్లు పడ్డారు. తర్వాత మార్చిన కాలికి మోకాలి దగ్గర నాలుగు పిన్నులున్నాయి. నేను మొదటిసారి నెట్ (సీఎస్‌ఐఆర్ జాతీయ అర్హత పరీక్ష) తప్పి ఇంటి దగ్గరున్న రోజుల్లో ఆయన ఆ కాలు విప్పి నా ముందు పెట్టారు. "ఏరా, లెక్కల్లో ఎమ్మెస్సీ చేశావుగా. ఒక్క పిన్ను చాలదా, నాలుగెందుకు పెట్టారో చెప్పు" అన్నారు.

నాకు తెలియలేదు. కానీ రెండోసారి నా చదువంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మ్యాథ్స్ నెట్‌కూ, ఆల్జీబ్రాయిక్ జామెట్రీలో (బహుపది సమీకరణాలు గీసే ఆకారాల గణితం) పీహెచ్‌డీకీ సిద్ధమవుతున్న వాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు పరీక్ష సంగతి. పార్ట్ సిలో 60 ప్రశ్నల్లో 20 రాయాలి, ఒక్కోదానికి 4.75 మార్కులు. 200లో 95 మార్కులు అక్కడే ఉన్నాయి. సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు వస్తాయి. మూడు సరైనవి ఉండి రెండే పెడితే ఏమీ రాదు. మొదటిసారి నేను సిద్ధాంతాలన్నీ కంఠతా పట్టి వెళ్లాను. 20 ప్రశ్నలూ రాశాను, ఆరు నిలబడ్డాయి. సిద్ధాంతంలో ఒక షరతు తీసేస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణ నా దగ్గర ఒక్కటీ లేకపోవడమే కారణం. పార్ట్ సి అడిగేది సరిగ్గా అదే. రెండోసారి ఒక నోటుబుక్కు పెట్టి, ప్రతి సిద్ధాంతం కింద అది పనిచేసే ఉదాహరణ ఒకటి, చెడిపోయే ఉదాహరణ ఒకటి నా చేత్తో రాసుకున్నాను. మెటీరియల్ మార్చలేదు, కోచింగ్ కూడా తీసుకోలేదు.

సిలబస్‌లో యూనిట్ 3ని చాలామంది వదిలేస్తారు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వరకు చదివి, న్యూమరికల్ అనాలిసిస్, క్లాసికల్ మెకానిక్స్ పక్కన పెడతారు. నేనూ అంతే. మా మేనత్త కూతురు ఫిజియోథెరపిస్టు, నడకను కొలిచే ల్యాబులో పనిచేస్తుంది. వదిన రమ్మంటే ఒకరోజు వెళ్లి చూశాను. మనిషి ఒంటి మీద మెరిసే చిన్న గోళీల్లాంటి మార్కర్లు అతికిస్తారు. చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు వాటి స్థానాలు పట్టుకుంటాయి. నేలలో బిగించిన ఫోర్స్ ప్లేటు పాదం ఎంత బలంతో నొక్కిందో చెబుతుంది. మామూలు నడకలో ఒక అడుగు చక్రంలో దాదాపు 60 శాతం సేపు పాదం నేల మీద, 40 శాతం గాలిలో ఉంటుంది. పాదం దగ్గర కొలిచిన బలంతో మొదలుపెట్టి చీలమండ, మోకాలు, తుంటి వరుసలో ఒక్కో కీలు మీద పడే మెలితిప్పే బలాన్ని లెక్కగడతారు. ఆ లెక్కకు ఆధారం సిలబస్‌లో మనం దాటేసే దృఢవస్తువు చలన సమీకరణాలే.

అక్కడ నన్ను నిలబెట్టేసిన విషయం ఇంకొకటుంది. కెమెరా సెకనుకు 100 ఫ్రేములు తీస్తుందనుకోండి. ఒక్క ఫ్రేములో మార్కర్ 1 మిల్లీమీటరు తప్పుగా నమోదైంది. త్వరణం కోసం రెండుసార్లు డిఫరెన్షియేట్ చేయాలి కదా. సెకండ్ డిఫరెన్స్ సూత్రంలో మధ్య బిందువు గుణకం 2, కింద 0.01 వర్గం. అంటే త్వరణంలో తప్పు సెకను వర్గానికి 20 మీటర్లు. గురుత్వ త్వరణానికి రెండింతలు! మార్కర్ చర్మం మీద ఉంటుంది, చర్మం ఎముక మీద జారుతుంది కనుక నిజంగా వచ్చే తప్పు మిల్లీమీటరుతో ఆగదు. అందుకే నడక లెక్కల్లో దాదాపు 6 హెర్ట్జ్ (సెకనుకు ఆరుసార్లు) కంటే వేగంగా ఊగే భాగాన్ని ఫిల్టర్ చేసి, ఆ తర్వాతే డిఫరెన్షియేట్ చేస్తారు. రెండు కొలతల మధ్య వ్యవధి (స్టెప్ సైజు) తగ్గిస్తే సూత్రంలోని దోషం తగ్గుతుంది, డేటాలోని దోషం పెరుగుతుంది. ఈ వాక్యం పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో! అర్థమైంది మాత్రం ఆ ల్యాబులోనే.

ఇక పెదనాన్న ప్రశ్న. ఒక్క ఇరుసుంటే కాలు ఎప్పుడూ ఆ బిందువు చుట్టూనే తిరుగుతుంది. నాలుగు పిన్నులు కలిపితే నాలుగు కడ్డీల చట్రం అవుతుంది, తిరిగే కేంద్రం కదులుతుంది. పక్కనున్న రెండు కడ్డీలనూ పొడిగిస్తే అవి కలిసే చోటే ఆ క్షణానికి కేంద్రం. కాలు చాచి ఉన్నప్పుడు అది పైన, వెనగ్గా ఉంటుంది. ఒంటి బరువు రేఖ దానికి ముందుగా వెళ్తుంది కనుక మోకాలు మడుచుకోదు. మడిచినప్పుడు కాలి పొడవు కాస్త తగ్గి, వేళ్లు నేలకు తగలకుండా ముందుకొస్తాయి. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2022లో విడుదల చేసిన కదమ్ మోకాలు కూడా నాలుగు కడ్డీలదే. మన సొంత మోకాల్లోనూ అడ్డంగా దాటుకునే రెండు లిగమెంట్లు, రెండు ఎముకలు కలిసి ఇలాంటి చట్రమే అవుతాయని ఒక సరళమైన నమూనా ఉంది. ఇదంతా మంచం మీద అగ్గిపుల్లలు పేర్చి చూపిస్తే, పెదనాన్న చాలాసేపు వాటిని వేలితో జరుపుతూ కూర్చున్నారు.

ఇప్పుడు ఆల్జీబ్రాయిక్ జామెట్రీ. ఆ చట్రంలో పక్క కడ్డీలు రెండింటినీ కలుపుతూ కదిలే కడ్డీకి అతికించిన ఒక బిందువు గీసే గీత డిగ్రీ 6 వక్రం. రెండు వక్రాలు వాటి డిగ్రీల లబ్ధమన్ని చోట్ల కలుస్తాయనే బెజూ సిద్ధాంతం ప్రకారం అది ఒక వృత్తాన్ని 12 చోట్ల ఖండించాలి. కాగితం మీద ఎంత ప్రయత్నించినా ఆరు దాటవు. మిగతా ఆరు అనంతంలో ఉన్నాయి. అన్ని వృత్తాలూ వెళ్లే రెండు సంకీర్ణ బిందువులున్నాయి, వాటిని వృత్తీయ బిందువులంటారు. మన వక్రానికి ఆ రెండూ ట్రిపుల్ పాయింట్లు, అంటే అది మూడేసి సార్లు వెళ్లే చోట్లు. మూడు, మూడు అక్కడే పోతాయి. ప్రొజెక్టివ్ ప్లేన్ ఎందుకు, సంకీర్ణ సంఖ్యలు ఎందుకు, మల్టిప్లిసిటీ ఎందుకు అన్న మూడు ప్రశ్నలకూ నాకు ఈ ఒక్క లెక్కలో జవాబు దొరికింది. వక్రం ఎంత చిక్కుగా ఉందో చెప్పే సంఖ్య జీనస్ కూడా ఇక్కడే లెక్కపెట్టండి. డిగ్రీ 6కి 10తో మొదలవుతుంది, రెండు ట్రిపుల్ పాయింట్లకు ఆరు, మరో మూడు డబుల్ పాయింట్లకు మూడు తీసేస్తే 1. అంటే మోకాలి చట్రం వెనక జీనస్ 1 వక్రం, అదే ఎలిప్టిక్ కర్వ్ ఉంది! ఆ సబ్జెక్టు పునాది భావనలైన స్కీములు, షీఫ్‌లు చదివేటప్పుడు ప్రతి నిర్వచనాన్నీ ఈ వక్రం మీద పెట్టి చూశాను. అలా చూడకపోతే ఆ సబ్జెక్టులో రెండు నెలలకే ఊపిరాడదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేసిన గణితవేత్త సి. ముసిలి గారు శేషాద్రి, లక్ష్మీబాయి గార్లతో కలిసి ష్యూబర్ట్ వెరైటీల (వెరైటీ అంటే బహుపది సమీకరణాలతో ఏర్పడే ఆకారం) మీద చేసిన పని గురించి తెలిశాక, ఈ సబ్జెక్టు మనకు అందనిదన్న భయం కూడా పోయింది.

రెండోసారి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలో నా ఆసక్తి గురించి చెప్పగానే, త్రిమితీయ భ్రమణాలు వెరైటీ అవుతాయా అని అడిగారు. మాత్రికలో తొమ్మిది ఎంట్రీలు, ఆరు సమీకరణాలు, డైమెన్షన్ మూడు అన్నాను. క్వాటర్నియన్లతో (నాలుగు సంఖ్యలతో భ్రమణాన్ని చెప్పే పద్ధతి) చూస్తే అది ప్రొజెక్టివ్ 3-స్పేస్ అని కూడా చెప్పాను, ఎందుకంటే క్వాటర్నియన్, దాని రుణం రెండూ ఒకే భ్రమణాన్నిస్తాయి. "సంకీర్ణ సంఖ్యల మీద కూడా అంతేనా?" అన్నారు. అవునన్నాను. తప్పు. ఆ నాలుగు సంఖ్యల వర్గాల మొత్తం సున్నా అయ్యే క్వాడ్రిక్‌ను తీసేయాలి. వాస్తవ సంఖ్యల్లో దాని మీద బిందువులే లేవు కనుక అక్కడ తీసేయడానికి ఏమీ ఉండదు. అక్కడ సీటు రాలేదు. టెన్షన్ కారణం కాదు, నా నోటుబుక్కులో ఆ సిద్ధాంతం కింద చెడిపోయే ఉదాహరణ రాసుకోలేదు, అంతే.

రెండో చోట భ్రమణంతో పాటు ఒక చోటి నుంచి మరో చోటికి జరపడం కూడా కలిపితే ఏమవుతుందని అడిగారు. కదలికలన్నీ ప్రొజెక్టివ్ 7-స్పేస్‌లో ఆరు డైమెన్షన్ల క్వాడ్రిక్ మీద ఉంటాయని, దాన్ని స్టడీ క్వాడ్రిక్ అంటారని చెప్పాను. ఈసారి అడగకముందే, అందులోంచి మూడు డైమెన్షన్ల లీనియర్ స్పేస్ ఒకటి తీసేయాలని కూడా చెప్పాను. బోర్డు మీద నలభై నిమిషాలు గడిచాయి. సీటు వచ్చింది.

చేరడానికి వెళ్లే ముందురోజు పెదనాన్న మళ్లీ అడిగారు: "గట్టు సరే, మెట్లు దిగేటప్పుడు మాత్రం మంచి కాలు ముందు పెట్టలేకపోతున్నాను, ఎందుకురా?" బరువు మోస్తూనే మెల్లగా మడవాలంటే కడ్డీల జామెట్రీ ఒక్కటే సరిపోదు, ఆ వేగాన్ని ఆపేదేదో ఉండాలి పెదనాన్నా అన్నాను. అది నా నోటుబుక్కులో మొదటి పేజీ మీద రాసుకుని బస్సెక్కాను.