అవ్వ గుర్తుపెట్టుకుంటుంది

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఉగ్గాని చెడగొట్టాను. బొరుగులు నీళ్ళలో వేసి, అలా తడవగానే పిండేయాలి. అక్క కొడుకుతో వాదన పెట్టుకుని వాటి సంగతే మరిచిపోయాను. చేయి పెట్టి చూసేసరికి అవి బొరుగుల్లా లేవు, చద్దన్నంలా జారిపోతున్నాయి. బాణలిలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయల ముద్ద అప్పటికే వేగిపోయాయి, ఇక చేసేదేముంది. పుట్నాల పొడి ఇంకో గుప్పెడు చల్లి, పైన మిరపకాయ బజ్జీలు పేర్చి ప్లేట్లు అందించాను. అవ్వ ఒక ముద్ద తిని ఏమీ అనలేదు. అవ్వ ఏమీ అనలేదంటే పద్దు రాసుకుందని అర్థం.

వాదన వీడియో గేముల గురించి. వాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఆదోని నుంచి రెండు రోజులు ఉండిపోదామని వచ్చాడు. నా పాత ల్యాప్‌టాప్ తెరిచి, అందులో 'ది వాకింగ్ డెడ్' కనబడగానే నవ్వాడు.

"ఇదా మామా? అంతా మోసం. యూట్యూబ్‌లో అన్ని ఎండింగులూ చూసినా. ఏది నొక్కినా అదే కథ."

టెల్‌టేల్ గేమ్స్ వాళ్ళు 2012లో తెచ్చిన గేమ్ అది. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఐదు ఎపిసోడ్లుగా వచ్చింది. లీ అనే అతన్ని పోలీసు కారులో జైలుకు తీసుకుపోతుండగా, చచ్చినవాళ్ళు లేచి మనుషుల మీద పడే రోజులు మొదలవుతాయి. అమ్మానాన్నలు ఊళ్ళో లేని ఎనిమిదేళ్ళ పాప, క్లెమెంటైన్, అతని చేతికొస్తుంది. ఎవరైనా ఏదైనా అడిగితే తెర కింద జవాబులు వస్తాయి, పక్కనే గడువు గీత కరిగిపోతూ ఉంటుంది. నోరు మెదపకుండా ఉండటం కూడా ఒక జవాబే. మనం ఏదో ఒకటి అన్నాక తెర మూలన ఒక వాక్యం వెలుగుతుంది: క్లెమెంటైన్ దీన్ని గుర్తుపెట్టుకుంటుంది.

వాడి వాదనకు సాక్ష్యాలు గట్టివే. మొదటి ఎపిసోడ్ చివర డగ్, కార్లీ అని ఇద్దరు ఒకేసారి ఆపదలో పడతారు, ఒక్కరినే కాపాడగలం. ఎవరిని కాపాడినా మూడో ఎపిసోడ్‌లో లిల్లీ చేతిలో పోతారు. నాలుగో దాని చివర లీని శవం కరవడం ఎవరూ ఆపలేరు. ఐదో దాంట్లో చేయి నరికేసుకున్నా, నరుక్కోకపోయినా లీ బతకడు.

"మరి బటన్లెందుకు మామా? సినిమా తీసుంటే సరిపోయేది గదా."

నాకు వెంటనే జవాబు దొరకలేదు. బొరుగులు చెడిపోయింది అప్పుడే.

లెక్క ప్రకారం చూస్తే మాత్రం గేమ్ చేసినవాళ్ళను తప్పుపట్టలేం. నేను ఒక మందుల ఏజెన్సీలో టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటాను, ఇలాంటివి నోటికే చెప్పగలను. రెండేసి దారుల మలుపులు పది ఉంటే 1,024 కథలవుతాయి. ఇరవై ఉంటే 10,48,576. అన్ని కథలు ఎవరు రాస్తారు, ఎవరు గొంతిస్తారు? అందుకని రాసేవాళ్ళు దారిని చీల్చి, కొంత దూరం పోనిచ్చి, మళ్ళీ ఒకచోట కలిపేస్తారు. కర్నూలులో పుట్టినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. హంద్రీ ఎటు తిరిగొచ్చినా మా ఊరి దగ్గర తుంగభద్రలో కలవాల్సిందే. తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలవాల్సిందే. ఆ నీళ్ళన్నీ పోయేది శ్రీశైలం డ్యాములోకే.

పది గంటలకు ఇద్దరం సీ క్యాంప్ రైతుబజారుకు పోయాం. వంకాయలు, చుక్కకూర, కిలో ఉల్లిగడ్డలు. క్యాంప్ అన్న పేరు ఎందుకొచ్చిందని వాడు అడిగితే, కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఉద్యోగులకు క్వార్టర్లు కట్టారని చెప్పాను. ఆ మాట మీద 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దాకా పోయింది సంగతి. రాజధాని, హైకోర్టు, ఈ రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకు ఇచ్చారు. మనవాళ్ళు రాజధాని కోరుకున్నారు, హైకోర్టు గుంటూరుకు పోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరు 1న అది హైదరాబాదు చేరింది.

"చూసినావా," అన్నాడు వాడు, సంచి భుజం మార్చుకుంటూ. "ఏది నొక్కినా అదే ఎండింగ్." పక్కన కూరలు ఏరుకుంటున్న పెద్దాయన కూడా నవ్వాడు.

మధ్యాహ్నం ఏజెన్సీ నుంచి ఫోన్. స్టాకులో రెండు పెట్టెల తేడా. రేపు చూస్తానన్నాను.

భోజనమయ్యాక పడుకుని ఆలోచిస్తుంటే, వాడు చూసిన గేమూ నేను ఆడిన గేమూ ఒకటి కాదేమో అనిపించింది. అప్పుడు డిగ్రీలో ఉన్నాను. హైదరాబాదులో చదివే స్నేహితుడు పెన్‌డ్రైవులో మొదటి ఎపిసోడ్ తెచ్చాడు (డబ్బు పెట్టి కొన్నది కాదని వేరే చెప్పాలా, ఉద్యోగం వచ్చాక అసలుది కొని ఆ పాపం కడుక్కున్నాను). కరెంటు కోతల కాలం. డగ్‌ను కాపాడాలా, కార్లీని కాపాడాలా అని గీత కరిగిపోతుంటే ఫ్యాను ఆగిపోయింది, తెర నల్లబడింది. రెండు గంటలు చీకట్లో కూర్చుని ఆ ఇద్దరి గురించే ఆలోచించాను. కరెంటు వచ్చాక కార్లీని కాపాడాను. రెండో ఎపిసోడ్ నా దాకా రావడానికి దసరా సెలవులు రావాల్సి వచ్చింది. అన్నాళ్ళూ కార్లీ నా వల్లే బతికుందని నమ్మాను. ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ మధ్య ఉన్న ఆ నెలల్లోనే నా నిర్ణయానికి విలువ ఉండేది. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు మరి. వీడు పదిహేను నిమిషాల వీడియోలో అన్ని చివరలూ వరసగా చూసేశాడు. డ్యాము గట్టెక్కి నదిని చూసినట్టన్నమాట.

కానీ అది కూడా పూర్తి జవాబు కాదు. మూడో ఎపిసోడ్ ఆడేశాక, కార్లీ పోయాక కూడా ఆ గేమ్ నన్ను వదలలేదు. కారణం ఒక కారు.

రెండో ఎపిసోడ్ చివర, ఆకలితో ఉన్న లీ గుంపుకు అడవిలో ఒక కారు కనబడుతుంది. డోరు తీసే ఉంది, లోపల తిండి, సామాను. మనుషులు లేరు. ఇది ఎవరిదో కదా అని క్లెమెంటైన్ అడుగుతుంది. నేను తీసుకున్నాను. ఆకలి, ఏం చేస్తాం. మనం వద్దన్నా గుంపులో మిగతావాళ్ళు తీసేసుకుంటారు, కాబట్టి వీడి లెక్కలో అదీ ఉత్తి మలుపే. అయితే ఐదో ఎపిసోడ్‌లో ఆ కారు యజమాని వస్తాడు. ఒక హోటల్ గదిలో లీని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంతవరకూ నువ్వు చేసినవి ఒక్కొక్కటే అడుగుతాడు. నేను నొక్కిన బటన్లే, వాడి నోటి నుంచి. ఆ రోజు ఎవరూ లేని గదిలో, తెర ముందు, నా చెవులు వేడెక్కాయి. గది మారదు, మనిషి మారడు, కథ ఎటు పోవాలో అటే పోతుంది. అడిగే లెక్క మాత్రం నాది. ఆ సీను ఆడినవాణ్ణి నేను అంతా మోసమని అనలేను.

వీడితో ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. 'గుర్తుపెట్టుకుంటుంది' అని మూలన వెలిగేవాటిలో చాలా మాటలు ఆ తర్వాత ఎక్కడా మళ్ళీ రావు. గుర్తుపెట్టుకుంటానని చెప్పి మరిచిపోవడం కథ మారకపోవడం కంటే పెద్ద మోసం. నా ఫిర్యాదంతా అక్కడే.

2015లో వచ్చిన 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' అనే గేమ్ ఈ పని తలకిందులుగా చేసింది. మ్యాక్స్ అనే అమ్మాయికి కాలాన్ని కాస్త వెనక్కి తిప్పే శక్తి ఉంటుంది, నోరు జారినా దిద్దుకోవచ్చు. కానీ రెండో ఎపిసోడ్‌లో కేట్ అనే క్లాస్‌మేట్ బతుకు మీద విరక్తితో మిద్దె అంచున నిలబడినప్పుడు ఆ శక్తి పనిచేయదు. అంతకుముందు కేట్ గదికి పోయినప్పుడు అక్కడున్న ఫోటోలు, వస్తువులు నువ్వు సరిగ్గా చూసి ఉండాలి. ఆ పిల్లను ప్రేమించేది ఇంట్లో ఎవరో తెలిసి ఉండాలి. తప్పు మనిషి పేరెత్తితే కేట్ ఇంకా దూరమవుతుంది. ఇక్కడ గేమ్ నిన్ను అడుగుతోంది, నువ్వు గుర్తుపెట్టుకున్నావా అని. ఆ ఎపిసోడ్‌కు దండం పెడతాను. దాని ముగింపుకు మాత్రం పెట్టను. చివర్లో రెండే బటన్లు, స్నేహితురాలా, ఊరా. ఊరిని కాపాడితే ఆ వారమంతా జరగనే జరగనట్టు అయిపోతుంది. ఐదు ఎపిసోడ్ల పద్దు పుస్తకం చించేసి కొత్తది చేతికిచ్చినట్టు. మా ఆడిటర్ చూస్తే ఊరుకోడు.

ఇదంతా వాడికి చెబుదామని లేచాను. వాడు గోడ దగ్గర నిలబడి అబ్బ, అంటే మా తాత, ఫోటో చూస్తున్నాడు.

"మామా, దీంట్లో కాళ్ళు మాత్రమే ఉండాయేంది?"

2009 అక్టోబరు 2. అప్పుడు మా ఇల్లు పాతబస్తీలో. హంద్రీ, తుంగభద్ర రెండూ ఊళ్ళోకి వచ్చిన రోజు. వీధిలో పాదాలు తడుస్తున్నాయని నవ్వుకున్న కాసేపటికే నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పక్కింటివాళ్ళది రెండంతస్తుల మిద్దె. నాన్న అవ్వ చేయి పట్టుకుని ఎక్కించాడు, అమ్మ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు కొంగులో చుట్టుకుంది. నాకు ఇంట్లోకి ఒక్కసారి పోయి వచ్చే టైమ్ దొరికింది. మెట్ల మీద నుంచి అవ్వ అరుస్తూనే ఉంది, "మంచం కింద నా పెట్టె ఉండాది నాయనా, అది ఎత్తుకోని రా."

లోపల రెండు కనబడ్డాయి. మంచం కింద రేకు పెట్టె. టేబుల్ మీద, కొని మూడు నెలలు కూడా కాని కంప్యూటర్ సీపీయూ. నాన్న ఇంకా దాని కంతులు కడుతున్నాడు. నేను సీపీయూ ఎత్తుకున్నాను.

మిద్దె మీద వానకు తడిసి అది ఆ తర్వాత ఎప్పుడూ ఆన్ కాలేదు. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే పెట్టె నిండా బురద. తాళం పగలగొట్టి అవ్వ చీరలు ఒక్కొక్కటే తీసింది. అన్నీ ఒకే రంగులోకి వచ్చేశాయి. అట్టడుగున అబ్బ ఫోటో. స్టూడియోలో తీయించుకున్నది అదొక్కటే. కాగితం గాజుకు అంటుకుపోయి ముఖం, పంచె, కుర్చీ అన్నీ కరిగిపోయాయి. కింద చెప్పులేసుకున్న రెండు కాళ్ళు మిగిలాయి. అవ్వ ఆ గాజును అలాగే తుడిచి ఫ్రేము కట్టించింది. ఏటా అబ్బ తిథికి ఆ కాళ్ళకే పూలు పెడుతుంది.

అవ్వ నన్ను ఒక్క మాట తిట్టలేదు. నేనేదైనా కొత్త ఫోన్ కొని చూపిస్తే మాత్రం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి అడుగుతుంది, "ఇది నీళ్ళలో తడిస్తే పని చేస్తాదా నాయనా?"

ఇదంతా వాడికి చెప్పాను. వాడు ఏమీ మాట్లాడకుండా పోయి ల్యాప్‌టాప్ తెరిచాడు. వీడియో కాదు, గేమే. మొదటి నుంచి, కొత్తగా.

సాయంత్రం అవ్వ కుర్చీ లాక్కుని వాడి పక్కన చేరింది. ఆ పిల్ల ఎవరు, అమ్మానాన్న యాడికి పోయినారు, వీడు మంచోడేనా అని వరస ప్రశ్నలు. వాడు ఓపిగ్గా చెప్పాడు. ఎనిమిదిన్నరకు డగ్, కార్లీ దగ్గరికి వచ్చాడు. డగ్‌ను కిటికీలోంచి శవాలు లాగుతున్నాయి. కార్లీ తుపాకీలో గుళ్ళు అయిపోయాయి, సంచి అందడం లేదు. ఇద్దరూ ఏమవుతారో మూడో ఎపిసోడ్ దాకా తెలిసినవాడు, ఊపిరి బిగబట్టి గీత వైపు చూస్తున్నాడు. చివరి క్షణంలో డగ్ వైపు నొక్కాడు.

"ఆ పిల్లనెందుకు వదిలేసినావురా?" అంది అవ్వ.

"ఎవరైతే ఏంది అవ్వా. ఎట్లున్నా ముందుముందు చచ్చేవాళ్ళే."

"ఆ సంగతి ఆ పిల్లకు తెలుసునా?"

వాడు మౌస్ మీద నుంచి చేయి తీశాడు. కాసేపటికి పొడుకుంటానని చెప్పి లేచాడు. ల్యాప్‌టాప్ మూయలేదు. రెండో ఎపిసోడ్ మొదలుపెట్టమని తెర అడుగుతూనే ఉంది.

అవ్వకు మాత్రలు ఇచ్చి, దోమతెర దించి, లైటు తీయబోతుంటే లోపలి నుంచి పిలిచింది.

"రేపు ఉగ్గాని నేను చేస్తా. ఈ పొద్దు బొరుగులు నానబెట్టేసి మాటల్లో పడినావు."