“నానేటీ సెయ్యను” అన్న మనిషి పని చేస్తోందని రుజువు చేయడానికి నాకు పట్టిన తొమ్మిది రోజులు – నా అనుభవం

నిన్న సాయంత్రం సర్వే పని డబ్బులు పడ్డాయి. ఆపేసిన పన్నెండు రోజులవి కూడా పడ్డాయి. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. మన శ్రీకాకుళం పిల్లలు చాలామంది ఈ సర్వే పనులకి వెళ్తున్నారు, వాళ్లకైనా పనికొస్తుంది.

పని, ఆరోగ్యం, జీవితం మీద తృప్తి. ఈ మూడింటి మీద ఒక పరిశోధన. ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస వైపు ఊళ్లు. ఇంటింటికీ వెళ్లి అడిగి ట్యాబ్‌లో నింపాలి. ఇంటర్వ్యూ, మూడు రోజుల శిక్షణ, ఇళ్ల జాబితా రాసుకోవడం, ఇవన్నీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. “పింఛను తీసేడానికొచ్చేరేటి?” అని ప్రతి వీధిలోనూ అడిగారు. కాదని ఓపిగ్గా చెబితే నమ్మారు, మంచినీళ్లిచ్చారు.

ఆరోగ్యం ప్రశ్నలు కష్టమవుతాయని భయపడ్డాను. అవలేదు. ఉద్దానం అంటేనే కిడ్నీ జబ్బు. అక్కడ అక్షరం రాని ముసలమ్మ కూడా క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) అనే మాట తడబడకుండా పలుకుతుంది. అడక్కముందే ఫైలు తెచ్చి చేతిలో పెడుతుంది. ఇన్నేళ్లయినా ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చింది. జబ్బు మాత్రం ఇళ్లలో అలాగే ఉంది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే ఒకాయన్ని “మీ ఆరోగ్యం మొత్తం మీద ఎలా ఉంది?” అని అడిగితే “బాగానే ఉంది” అన్నాడు. నేను ఆయన మొహం చూశాను. “మా అన్నలాగ పోనేదు కదమ్మా” అన్నాడు. ఆయన చెప్పిందే నొక్కాను. మనిషి తన ఆరోగ్యాన్ని పక్కవాడితో పోల్చుకుని చెబుతాడని శిక్షణలో విన్నప్పుడు తలకెక్కలేదు, ఆ అరుగు మీద ఎక్కింది.

అసలు గొడవంతా ‘పని’ అనే మాట దగ్గర వచ్చింది.

కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి శ్రామికశక్తి సర్వే చేస్తోంది కదా. దాని వారం లెక్కలో, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం గంట పని చేస్తే పని చేసినట్టే. కూలి తీసుకోకుండా ఇంటివాళ్ల వ్యాపారంలో చెయ్యేసినా లెక్కే, దాని కోడ్ 21. ఇంటిపని ఒక్కటే అయితే 92. ఇంటిపనితో పాటు కట్టెలు, పశువుల మేత తెచ్చుకుంటే 93. మా ఫారం కూడా అదే దారిలో ఉంది. రాయడానికి తేలిక. కానీ మన ఊళ్లలో ఆడమనిషిని “పని చేస్తారా?” అని అడిగి చూడండి. పని అంటే వాళ్లకి కూలికెళ్లడం, లేదా నెల జీతం. “నానేటీ సెయ్యను తల్లీ, ఇంట్లోనే ఉంటాను” అంటారు. మొదటి రోజు నేనూ 92, 92 అని కొట్టుకుంటూ పోయాను.

రెండో రోజు ఒకావిడ అదే మాట చెబుతోంది. ఆవిడ ఒళ్లో చేట, చేటలో జీడిపప్పు. చిన్న చాకుతో ఎర్రపొట్టు తీసి గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి వేస్తోంది. పరిశ్రమ నుంచి సంచి తెచ్చుకుని, తూకమేసి తిరిగిచ్చేస్తారు. అప్పుడు నాకు 2019లో దేశమంతా చేసిన సమయ వినియోగ సర్వే గుర్తొచ్చింది. అందులో ముందురోజు తెల్లవారుజాము 4 గంటల నుంచి ఇవాళ 4 గంటల వరకు అరగంట అరగంటగా అడుగుతారు. నేనూ అలాగే “అక్కా, నిన్న లేచిన కాణ్నుంచి ఏటేటి చేశావో చెప్పు” అన్నాను. ఆవు, పేడ, వంట, పిల్లాడి బడి, పప్పు, వంట, మళ్లీ పప్పు, రాత్రి టీవీ ముందు కూడా పప్పు. లెక్కేస్తే ఏడు గంటలు దాటింది. అక్కణ్నుంచి ప్రతి ఇంట్లో అలాగే అడిగాను, నోటుబుక్కులో గంటలు రాసుకున్నాను.

పన్నెండో రోజు సాయంత్రం కాశీబుగ్గలో మేం దిగిన లాడ్జి గదికి అందర్నీ పిలిచారు. మా సూపర్‌వైజర్ గోడ మీద ఒక పట్టిక వేసి చూపించాడు. నా పేరు పక్కన ‘పని చేస్తున్న ఆడవాళ్లు’ అన్న గీత అందరికంటే చాలా పొడుగ్గా ఉంది. “పల్లెటూళ్లో ఇంతమంది ఆడాళ్లు పనిచేస్తారా? రూములో కూచుని నింపేశావా?” అన్నాడు. నేను చెప్పబోయాను, వినలేదు. ఆ జీడిపప్పు ఆవిడకే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“అమ్మా, మీరేమైనా పని చేస్తారా?”

“నేదు బాబూ. నానేటీ సెయ్యను.”

పద్నాలుగు మంది ఉన్నారు ఆ గదిలో. ఇద్దరు ముగ్గురు పైకే నవ్వారు. “చూశారా, డేటా దొంగతనం అంటే ఇదే” అని నా చేతిలో ట్యాబ్ లాగేసుకున్నాడు. పన్నెండు రోజుల డబ్బు ఆపుతున్నామన్నాడు. మీ వివరాలు ఎవరికీ చెప్పం అని నేనే ఆవిడకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాను. ఆవిడ గొంతు అంతమంది విన్నారు. అది తలుచుకుంటే నన్ను తిట్టినదానికంటే ఎక్కువ మండుతుంది. ఆ రాత్రి బస్సులో శ్రీకాకుళం వచ్చేశాను. అమ్మకి రెండు రోజులు చెప్పలేదు.

మూడో రోజు సమ్మతి పత్రం తీసి చూశాను. కింద పరిశోధన చేసే మేడమ్ నంబరు ఉంటుంది, సర్వేలో పాల్గొన్నవాళ్లకి అనుమానాలుంటే అడగడానికి. మనం కూడా చేయొచ్చు. చేయండి. మధ్యలో ఉన్న సర్వే ఏజెన్సీ వాళ్లని బతిమాలుకుంటూ కూర్చుంటే ఎన్నాళ్లైనా తేలదు. మేడమ్ అరగంట విన్నారు. నోటుబుక్కు పేజీలు ఫొటోలు తీసి పంపమన్నారు. సూపర్‌వైజర్‌తో కలిసి ఆరు ఇళ్లకి మళ్లీ వెళ్లి, రెండు రకాలుగానూ అడిగి రమ్మన్నారు.

వెళ్లాం. మొదటిది ఆ ఆవిడ ఇల్లే. అదే గుమ్మం, అదే చేట. సూపర్‌వైజర్ అడిగాడు, పని చేస్తారా అని. “సెప్పేను కద బాబూ, నేదని” అంది. చాకు ఆగలేదు. గోళ్ల సందుల్లో పొట్టు ఎర్రగా పేరుకుని ఉంది.

“మరి ఇదేంటమ్మా?”

“ఇదా? ఇవి పప్పులు బాబూ. ఊరికే కూకోడం దేనికని.”

“ఎంతసేపు కూర్చుంటారు?”

“సంచి అవ్వాల కదా.”

ఆయన ఏమీ అనలేదు. ఆయన దగ్గరున్న ట్యాబ్‌లో ఆవిడ ఆరోగ్యం పేజీ తీసి చూపించాను. మెడనొప్పి, ఆరు నెలలుగా. కళ్ల మంట. దీని పక్క గడిలో ‘పని లేదు’ అని రాస్తే, రేపు ఈ లెక్క చదివేవాళ్లకి ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషికి మెడనొప్పి అని కనబడుతుంది. ఆ మెడ ఎందుకు నొప్పెడుతోందో ఇంకెవరికీ తెలియదు. పని మీద, ఆరోగ్యం మీద ఒకే ఫారంలో అడిగేదే ఆ రెండూ కలిపి చూడాలని కదా!

ఆరింటిలో అయిదు నేను రాసినట్టే తేలాయి. ఆరోది నా తప్పే. ఆవిడ పప్పు మానేసి పది రోజులైంది. నేను ఏడు రోజుల హద్దు సరిగ్గా చూసుకోలేదు. ఒప్పుకుని దిద్దాను. మీరు మాత్రం “పోయిన ఆదివారం నుంచి” అనో, సంత రోజు చెప్పో అడగండి, ‘ఏడు రోజులు’ అంటే ఎవరి లెక్క వారిదే.

“సరే, కంటిన్యూ చెయ్” అన్నాడు సూపర్‌వైజర్. దొంగ అని పద్నాలుగు మంది ముందు అన్నాడు, సరే అని మాత్రం ఎవరూ లేనిచోట అన్నాడు. దానికి నేను ఊరుకోలేదు. గ్రూపులో రాయమని అడిగాను. మూడు రోజులకి ఒక లైను రాశాడు.

మేడమ్ ఫారంలో కొత్త ప్రశ్న చేర్చారు. “ఏమీ చేయను” అన్నాక ఇంకోసారి పేరు పెట్టి అడగాలి: జీడిపప్పు పొట్టు, కొబ్బరీనెల చీపుర్లు, పశువులు, ఎండుచేప, దుకాణంలో కూర్చోవడం. ఇంతకుముందు 92 పడిన ఇళ్లన్నిటికీ మళ్లీ వెళ్లాలి. వాటిలో నా మొదటి రోజు ఇళ్లు కూడా ఉన్నాయి. సోమవారం వాటితోనే మొదలుపెడుతున్నాను.