చిరునామా మారినా గుర్తుపట్టే పరికరాలు
నిన్న రాత్రి కొత్త ఫిట్‌నెస్ బ్యాండును ఫోన్‌కు జతచేస్తూ, అవి ఒకదానినొకటి ఎలా కనుగొంటాయో మొదటిసారి శ్రద్ధగా చదివాను. తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్‌లో 40 ఛానెళ్లుండగా, పరికరం తన ఉనికిని ప్రధానంగా 37, 38, 39 సంఖ్యల ఛానెళ్లలోనే ప్రకటిస్తుంది. ప్రతి ప్రకటనకూ 10 మిల్లీసెకన్ల లోపు యాదృచ్ఛిక ఆలస్యాన్ని కలపడం వల్ల, పక్కపక్కనున్న పరికరాల సంకేతాలు పదేపదే ఢీకొనవు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది, ప్రకటనలో పరికరం తన గుర్తింపుగా పంపే సంఖ్య, అంటే చిరునామా సంగతి. 48 బిట్ల చిరునామా ఎన్నటికీ మారకపోతే, దాన్ని వింటూ ఎవరైనా మన కదలికలను వెంబడించవచ్చు (ఈ ప్రమాదం నాకు ఇంతకుముందు తట్టనే లేదు). అందుకే చాలా ఫోన్లు సుమారు 15 నిమిషాలకోసారి చిరునామాను మార్చుకుంటాయి. జతకట్టినప్పుడు అందుకున్న రహస్య కీ ఉన్న పరికరం మాత్రం ఆ కొత్త చిరునామాను లెక్కకట్టి పరీక్షించి, అది తనకు తెలిసిన ఫోనేనని నిర్ధారించుకుంటుంది.