233వ పేరు

ఏప్రిల్ చివరి వారం వచ్చిందంటే ఫిలడెల్ఫియా ఆఫీసుల్లో పని కాస్త మెల్లగా నడుస్తుంది. గురువారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదలవుతుంది మరి. హలోకి బదులు "గో బర్డ్స్" అని పలకరించుకునే ఊరు ఇది. లిఫ్టులో, కాఫీ మెషీన్ దగ్గర, మేనేజర్ ఇంకా కాల్‌లోకి రాకముందు, ఎక్కడ చూసినా ఒకటే చర్చ: మా ఊరి జట్టు ఈగల్స్ వాళ్లు ఈసారి ఎవర్ని తీసుకుంటారు?

ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. పాట పాడుకోవడం ఉండదు. కాలేజీ ఫుట్‌బాల్ ముగించిన కుర్రాళ్లను 32 జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటి ఏడు అందరికంటే ఘోరంగా ఓడినవాళ్లది మొదటి వంతు, కప్పు కొట్టినవాళ్లది ఆఖరిది. మొత్తం ఏడు రౌండ్లు, రెండొందల యాభై పైచిలుకు పేర్లు. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండూ మూడూ, మిగిలిన నాలుగూ శనివారం. గురువారం పేరు వచ్చినవాళ్లు సూట్లు వేసుకుని వేదికెక్కుతారు. శనివారం వాళ్లు ఇంట్లో సోఫాలో కూర్చుని, అమ్మానాన్నల మొహాలు చూడలేక ఫోను వంక చూస్తుంటారు. నాకు శనివారమే ఇష్టం. మనవాళ్లెవరైనా భోజనాలకు పిలిచినా జేబులో ఫోను తీసి చూసుకుంటూనే ఉంటాను.

మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. అరవై దాటినవాణ్ణి కూడా ఇక్కడ పేరు పెట్టే పిలవాలి. మనసులో మాత్రం నాకు ఆయన పెద్దాయనే. సౌత్ ఫిల్లీలో పుట్టి పెరిగాడు. అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్లు పడిపోయినా విసుక్కోని మనిషి, "ఫలానా జట్టువాళ్లు భలే కనిపెట్టారు" అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోడు. టామ్ బ్రేడీ పేరు ఎత్తితే ఇక ఆ పూట పని సాగనట్టే.

బ్రేడీ కథ వినని అమెరికన్ ఉండడు. 2000 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్, 199వ పేరు. అతను క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. అతని కంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు. చివరికి ఏడు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ దూరదృష్టికి ఇదే సాక్ష్యమని టీవీలో చెబుతుంటే పెద్దాయన అడిగేది ఒక్కటే: "అంత తెలిసినవాళ్లు 199 దాకా ఎందుకు ఆగారు?" నిజమే. అదే డ్రాఫ్ట్‌లో, అదే జట్టు, బ్రేడీ కంటే ముందు వేరే ఆరుగుర్ని తీసుకుంది. ఆ ఆరుగురిలో అయిదో రౌండ్‌లో తీసుకున్న డేవ్ స్టాచెల్‌స్కీ ఆ జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అప్పట్లో పేట్రియట్స్ ఆటగాళ్ల ఎంపిక చూసిన స్కాట్ పియోలీ ఆ తర్వాత స్టాచెల్‌స్కీ ఫొటో తన బల్ల మీద పెట్టుకున్నాడు, మనమేదో మేధావులం అనుకోకుండా ఉండటానికి. ఇంతమంది మేనేజర్ల కింద పనిచేశాను, అలాంటి ఫొటో ఒక్కరి బల్ల మీదా కనబడలేదు.

2001 సెప్టెంబర్‌లో న్యూయార్క్ జెట్స్ ఆటగాడు మో లూయిస్ గుద్దిన గుద్దుకు పేట్రియట్స్ మొదటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో ఆస్పత్రి పాలయ్యాకే బ్రేడీకి వంతు వచ్చింది. ఆ ఒక్క దెబ్బ తగలకపోతే? ఎవరూ చెప్పలేరు. అయితే పెద్దాయన దాటేసే సంగతి ఒకటుంది. 2000 సీజన్‌లో పేట్రియట్స్ ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌ల మీద నాలుగోవాడిగా బ్రేడీని అట్టేపెట్టుకున్నారు. 53 మందికే చోటున్న జాబితాలో అదొక విలాసం. ఆ ఏడు 16 మ్యాచ్‌ల్లో 11 ఓడిన జట్టు, మైదానంలోకి దాదాపు దించని కుర్రాడికి ఒక చోటు వదులుకుంది. ఏరడంలో అదృష్టం ఎంతైనా ఉండనీ, అట్టేపెట్టుకోవడం మాత్రం ఎవరో కావాలని చేసిన పని.

మా ఊరి జట్టు సంగతికొస్తే, 2020 డ్రాఫ్ట్ గురించి ఇక్కడ ఎవరి దగ్గరైనా కదిపితే అరగంట పోతుంది. మొదటి రౌండ్‌లో 21వ పేరుగా ఈగల్స్ జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్ రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) జేలెన్ రేగర్‌ని తీసుకున్నాడు. వెంటనే 22వ పేరుగా మిన్నెసోటా వాళ్లు ఇంకో రిసీవర్ జస్టిన్ జెఫర్సన్‌ని ఎత్తుకుపోయారు. మొదటి సీజన్‌లోనే జెఫర్సన్ బంతి అందుకుని 1,400 గజాలు సాధించాడు. రేగర్ నిలదొక్కుకోలేదు, రెండేళ్లకు అతన్ని మిన్నెసోటాకే ఇచ్చేశారు. ఊరంతా రోజ్‌మన్‌ని తిట్టింది. మర్నాడు రెండో రౌండ్‌లో 53వ పేరుగా అదే మనిషి జేలెన్ హర్ట్స్‌ని తీసుకున్నప్పుడు కూడా తిట్టింది, క్వార్టర్‌బ్యాక్‌గా కార్సన్ వెంట్జ్ ఉండగా ఇంకొకడెందుకని. ఆ హర్ట్స్ 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించి ఎంవీపీ, అంటే ఆ మ్యాచ్‌కు ఉత్తమ ఆటగాడు, అయ్యాడు. ఒక్క రోజు తేడాలో మనిషి కళ్లు మారవు కదా.

మా ఊళ్లోని వార్టన్ స్కూల్లో పాఠాలు చెప్పే కేడ్ మాసీ, నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ కలిసి దీని మీద లెక్కలు కట్టారు. ఒకే స్థానంలో ఆడుతూ ఒకరి తర్వాత ఒకరు ఎంపికైన ఇద్దరిలో ముందువాడు తర్వాతివాడికంటే మెరుగ్గా తేలే అవకాశం 52 శాతమట. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. అందుకే తెలివైన జట్లు పైనున్న ఒక వంతును ఇచ్చేసి కిందివి రెండు మూడు తెచ్చుకుంటాయి. పెద్ద ఆటగాళ్లు వేరే జట్లకు వెళ్లిపోతే లీగ్ పరిహారంగా ఇచ్చే వంతుల్నీ పోగేసుకుంటాయి. బ్రేడీని తెచ్చిన 199 అలా పరిహారంగా వచ్చిందే.

ఎక్కువ చీట్లు వేసినవాడికి ఎక్కువ అవకాశం. ఈ లెక్క మనవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. 85 వేల హెచ్1బీ వీసాలకు లక్షల మంది పోటీపడితే కంప్యూటర్ చీటీలు తీసేది. ఒకే మనిషికి నాలుగు కన్సల్టెన్సీల నుంచి నాలుగు రిజిస్ట్రేషన్లు వేయించిన రోజులున్నాయి. 2024లో ఎన్ని వేసినా మనిషికి ఒక్క చీటీయే అన్నారు. నాకు తొలిసారే పిక్ అయింది. నాకంటే చురుకైనవాడు నా రూమ్మేట్, నా అసైన్‌మెంట్లలో సగం వాడు చెబితేనే అర్థమయ్యేవి. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి) ఉన్నంతకాలం వేసినా తగల్లేదు, టొరంటో వెళ్లిపోయాడు. ఊళ్లో మా నాన్న మాత్రం "మావాడు కష్టపడి సాధించాడు" అని చెప్పుకుంటాడు. ఆయన ముచ్చట ఆయనది, నేను సరిదిద్దను.

ఇక జోర్డన్ మైలాటా. అసలు శనివారం పిచ్చి నాకు పట్టించింది ఇతనే. సిడ్నీలో పుట్టిన సమోవన్ కుటుంబం కుర్రాడు, ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. ఆడింది రగ్బీ లీగ్. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడి ఎరగడు. విదేశీ ఆటగాళ్ల కోసం లీగ్ నడిపే శిక్షణలో కొన్ని నెలలు హెల్మెట్ పెట్టుకోవడం దగ్గర్నుంచి నేర్చుకున్నాడు. 2018లో ఏడో రౌండ్, 233వ పేరుగా ఈగల్స్ తీసుకున్నారు. మొదటి రెండు సీజన్లూ ఒక్క మ్యాచ్ ఆడలేదు, పైగా నడుం గాయం. అసలు జాబితాలో చోటు లేక సాధన మాత్రం చేసేవాళ్ల ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పడేస్తే ఇంకో జట్టు తన్నుకుపోతుందని 53 మంది జాబితాలోనే ఉంచారు. లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లండ్ చేతిలో పెట్టి, కాళ్లు ఎలా వేయాలో చేతులు ఎక్కడ ఉంచాలో మొదటినుంచి చెప్పించారు.

ఈలోగా 2019లో మైలాటా నేర్చుకుంటున్న లెఫ్ట్ టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమ పక్క కాపలా) స్థానం కోసమే మొదటి రౌండ్‌లో ఆండ్రే డిల్లర్డ్‌ని తెచ్చారు. అంటే మైలాటా మీద వాళ్లకూ పూర్తి నమ్మకం లేదన్నమాటే. 2021లో ఇద్దరినీ పోటీకి పెడితే ఏడో రౌండ్‌వాడు గెలిచాడు. అంతకుముందు పదేళ్లు ఆ చోట నిలబడ్డ జేసన్ పీటర్స్‌ని అయితే 2004లో ఏ జట్టూ డ్రాఫ్టే చేయలేదు.

టీవీలో ఆటగాళ్లు తమ పేరు, కాలేజీ చెప్పుకునే క్లిప్ వేస్తారు. "అలబామా", "మిషిగన్" అని గర్వంగా అంటుంటారు. అమెరికాలో కాలేజీయే చదవని మైలాటా ఏమన్నాడంటే: "జెఫ్ స్టౌట్‌లండ్ యూనివర్సిటీ". అది మొదటిసారి విన్నప్పుడు నవ్వి, తర్వాత కాసేపు మాట్లాడలేదు నేను. ఒంగోలు పక్కన నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీ పేరు ఇక్కడ ఏ ఇంటర్వ్యూలో చెప్పినా స్పెల్లింగ్ అడుగుతారు. మొదటి ఉద్యోగంలో నాకు డేటాబేస్ ట్యూనింగ్ నేర్పినాయన రిటైరై ఫ్లోరిడా వెళ్లాడు. రెజ్యూమెలో ఆయన పేరు రాసే గడి లేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్లో బల్లకు ఇవతలి పక్క నేనే ఉంటున్నాను. కోడింగ్ పరీక్ష మార్కులు చూసి తలలూపే కుర్ర సహోద్యోగులతో బ్రేడీ నలభై గజాల పరుగు 5.28 సెకన్లని చెబుతుంటాను. నమ్మరు, ఫోనులో వెతుక్కుంటారు. ఎవర్ని తీసుకోవాలన్న వాదన గంటలు సాగుతుంది. తీసుకున్నాక ఆ పిల్లవాడి పక్కన ఎవరు కూర్చోవాలన్నది మాత్రం అయిదు నిమిషాలైనా మాట్లాడుకోం. కన్సల్టెన్సీ రోజుల్లో బెంచ్ మీద జీతం లేకుండా, గెస్ట్ హౌస్‌లో ఎనిమిదిమందితో, పప్పుచారు తింటూ ఫోను కోసం ఎదురుచూసినవాణ్ణి నేను. ప్రాక్టీస్ స్క్వాడ్‌లోనివాళ్లకు వారం వారం జీతమిస్తారని తెలిసిన రోజు నాకు ఫుట్‌బాల్ మీద గౌరవం అమాంతం పెరిగింది.

ప్రతిభ పట్టే కన్ను అంటూ ఉండదని నేను అనను. 2010, 2011లో సియాటిల్ వాళ్లు అయిదో రౌండ్లలో క్యామ్ చాన్సలర్‌ని, రిచర్డ్ షెర్మన్‌ని పట్టారు. షెర్మన్ కాలేజీలో మొదట రిసీవర్, తర్వాత రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌కు మారినవాడు. ఆ స్థానానికి ఇంత పొడుగువాడెందుకని మిగతావాళ్లు అనుకుంటున్నప్పుడు కోచ్ పీట్ కారల్‌కు కావలసింది పొడుగువాళ్లే. అవసరం ముందే తెలుసుకుని బజారుకు వెళ్లాడు. అయినా అదే కారల్, అదే జనరల్ మేనేజర్ జాన్ ష్నైడర్ 2013 నుంచి చాలా ఏళ్లు అలాంటి పంట మళ్లీ పండించలేకపోయారు. ఈ మాట అంటే పెద్దాయన "చూశావా" అంటాడు.

ఏడో రౌండ్ అయిపోయాక అసలు సందడి. పేరు రాని కుర్రాళ్లకు జట్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాయి. ఆఖర్లో ఎవరో ఒకరు తీసుకునేకంటే పేరు రాకపోవడమే నయమనుకునే ఏజెంట్లూ ఉన్నారు. అప్పుడు ఏ జట్టులో తమ స్థానం పలచగా ఉందో చూసుకుని కుర్రాడే ఎంచుకోవచ్చు. సోమవారం పొద్దున్నే పెద్దాయన వచ్చి, అలా చేరినవాళ్లలో తనకు నచ్చిన మూడు పేర్లు మా వైట్‌బోర్డు మూలన రాస్తాడు, "చెరపవద్దు" అని కింద గీత గీసి. అంతా అదృష్టమే అనే మనిషి ఇవెందుకు రాస్తున్నావంటే జవాబు చెప్పడు. ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు. ఈసారి రాసిన మూడింటిలో ఒకడు టాకిల్ అట, చేతులు బాగా పొడుగట.