అరచేతి గీతలు నల్లబడ్డప్పుడు

ముందు రంగు మారింది. ఎండలో తిరిగే పని కాదు నాది. అయినా ముఖం, మోచేతులు, వేళ్ల కణుపులు నల్లబడుతూ వచ్చాయి. కనబడ్డవాళ్లందరిదీ ఒకటే మాట: "ఏంటలా నల్లబడిపోయావు?" నేనూ దాన్ని అందానికి సంబంధించిన సంగతి అనుకునే బాధపడ్డాను. చిగుళ్ల మీద మచ్చలొచ్చాయి. అరచేతి గీతలు పెన్సిల్‌తో దిద్దినట్టు కనబడేవి. వాటి గురించి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత నీరసం. నిద్రపోతే తీరేది కాదది. మంచం మీంచి లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మేవి, గోడ పట్టుకుని ఆగాల్సి వచ్చేది. ఏడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. అన్నం సయించదు, ఉప్పు మాత్రం కావాలి. రాత్రిళ్లు అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి ఉప్పు రాళ్లు నాలుక మీద వేసుకునేదాన్ని. ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నాను. ఒకరు రక్తం తక్కువన్నారు, ఇద్దరు మనసులో దిగులన్నారు. సిగ్గుపడి ఉప్పు సంగతి ఆ ముగ్గురికీ చెప్పలేదు. ఇది చదివేవాళ్లకు నేను మొదట చెప్పాలనుకునేది ఇదే: చెప్పుకోవడానికి సిగ్గనిపించే లక్షణాన్నే ముందు చెప్పండి.

ఒక మామూలు జ్వరం, వాంతులు నన్ను అత్యవసర విభాగానికి చేర్చాయి. పై బీపీ 80 దాటలేదు. సోడియం 135కి తగ్గకూడదు, నాకు 121 ఉంది. పొటాషియం 5.9కి పెరిగింది. అక్కడున్న డాక్టరమ్మ నా చెయ్యి తిప్పి అరచేయి చూసింది. "ఉప్పు తినాలనిపిస్తోందా అమ్మా?" అంది. నాకు ఏడుపొచ్చింది. కార్టిసాల్ అనే హార్మోన్ ఎంతుందో చూడటానికి రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా, ఆ హార్మోన్‌నే మందుగా చేసిన హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఎక్కించి, సెలైన్ పెట్టారు. మర్నాటి పొద్దుటికి ఎవరి సాయం లేకుండా లేచి కూర్చున్నాను.

అడిసన్ వ్యాధి అన్నారు. థామస్ అడిసన్ అనే వైద్యుడు 1855లో దీన్ని వర్ణించాడు. అప్పట్లో ఎక్కువగా క్షయ వల్ల వచ్చేది. నా విషయంలో నా రోగనిరోధక వ్యవస్థే నా అడ్రినల్ గ్రంథుల్ని తినేసింది. రెండు కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే గ్రంథులవి, ఒక్కోటీ నాలుగైదు గ్రాములు. అవి ఇచ్చే ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ కిడ్నీలో సోడియాన్ని ఆపి, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. అది లేక నా ఉప్పంతా మూత్రంలో పోతోంది. రాత్రిళ్లు నేను వంటింట్లోకి వెళ్లింది అందుకే.

రంగు సంగతి విన్నప్పుడు ఇంకా ఆశ్చర్యపోయాను. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపి అడ్రినల్స్ చేత కార్టిసాల్ చేయిస్తుంది. రక్తంలో కార్టిసాల్ చాలినంత కనబడితే తను తగ్గుతుంది. నాలో ఎంత పిలిచినా బదులు లేదు, అందుకని అది పిలుపు పెంచుకుంటూ పోయింది. మితిమీరిన ఏసీటీహెచ్ చర్మంలో రంగు తయారుచేసే కణాల్నీ తట్టి లేపుతుంది. అందరూ నా ఒంటి మీద చూసింది ఆ పిలుపునే.

ఇప్పుడు హైడ్రోకార్టిసోన్ మాత్రలు లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. ఉప్పు నిలపడానికి ఫ్లూడ్రోకార్టిసోన్ వేరే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కార్టిసాల్ తెల్లవారకముందే పెరగడం మొదలై, నిద్రలేచే వేళకు బాగా ఎక్కువగా ఉండి, అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. ఆ పెరుగుదలను మాత్ర సరిగ్గా అనుకరించలేదు. అందుకే తలగడ పక్కనే పెట్టుకుని, మింగి, అరగంట అలాగే పడుకుంటాను.

కష్టమంతా జబ్బు చేసినప్పుడే. జ్వరమొస్తే గ్రంథి తనంతట తానే ఎక్కువ కార్టిసాల్ ఇవ్వాలి. నాకు ఆ లెక్క నేనే చూసుకోవాలి: జ్వరానికి మోతాదు రెట్టింపు, బాగా ఎక్కువైతే మూడు రెట్లు. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షనే. ఒకసారి రాత్రి రెండింటికి ఆ అవసరం పడింది. తమ్ముడికి ముందే నేర్పించారు కానీ వాడి చేతులు వణికాయి. "అక్కా, కళ్లు మూసుకో" అన్నాడు. తొడలో పొడిచి, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడి, ఒంట్లో తేలికపడిందని ఒక్కసారిగా మానేసేవాళ్లకూ ఈ ప్రమాదం ఉంది. బయటి నుంచి వచ్చే మందుకు అలవాటుపడి వాళ్ల గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. దయచేసి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించండి.

కొన్ని నెలలకు ముఖం పాత రంగుకొచ్చింది. బరువూ తిరిగొచ్చింది. ఇప్పటికీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా రిపోర్టులు తెరవకముందే డాక్టరమ్మ అరచేయి చాపమంటుంది. గీతలు లేతగానే ఉన్నాయి. చిగురు మీద మచ్చ ఒకటి మాత్రం ఇంకా పోలేదు.